ఫిలిబెర్త్ కాల్చిన ఆఠీను రాణి

నలభై దాటేవరకూ ఫిలిబెర్త్ పెతియోకు అసూయ అంటే ఏమిటో తెలియదు. తెలియవలసిన అవసరమూ రాలేదు. ఆమె మొగుడు లజార్, తూర్న్యూ ఊళ్ళో రేవు వీధిలో పీపాలు చేసేవాడు. పొట్టి మనిషి, బట్టతల. చెక్క వంగడానికి పీపా లోపల నిప్పు వేస్తారు. ఆ కాలిన చెక్క వాసన అతని చొక్కాల్లోంచి ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. అలాంటి మొగుణ్ణి ఎవరో ఎగరేసుకుపోతారని ఏ ఆడదీ భయపడదు. వాళ్ళకి పిల్లలు కలగలేదు. మొదట్లో ఇద్దరూ ఏడ్చారు, తర్వాత ఆ సంగతి ఎత్తడం మానేశారు. అతను పీపాలు బిగించేవాడు, ఆమె సూపు కాచేది. ఆదివారం చర్చికి వెళ్ళివచ్చేవారు. ఇరవై ఏళ్ళు అలా గడిచాయి.

చక్రవర్తిని రెండోసారి పట్టుకుని దూరపు దీవికి పంపేసిన మరుసటి ఏడాది వేసవి రాలేదు. ఏప్రిల్‌లో మొదలైన వాన ఆగలేదు. జూలైలో కూడా పొద్దున్నే పొయ్యి రాజేసుకుని చేతులు కాచుకున్నారు జనం. ద్రాక్ష పండకుండానే తీగల మీద కుళ్ళింది. ద్రాక్ష లేకపోతే వైన్ లేదు, వైన్ లేకపోతే పీపా ఎవరికి కావాలి? లజార్ పనిముట్లకు నూనె రాసి గోడకు తగిలించి, రేవు దగ్గరి కాఫీ కొట్టుకు వెళ్ళడం మొదలుపెట్టాడు.

ఊళ్ళో అందరికీ ఏదో ఒక ఆట పిచ్చి ఉండేది. పెద్దిళ్ళ వాళ్ళు తలుపులు మూసుకుని బంగారు నాణేలతో ఆడేవారు. పనివాళ్ళ ఆడవాళ్ళు కలలో కనిపించిన అంకెల మీద లాటరీ కట్టేవారు. చలికాలం వస్తే ప్రతి ఇంట్లోనూ సంచిలోంచి అంకెలు తీసే లోతో ఆట ఉండేది. పడవవాళ్ళకి డామినోలు. ఆ కాఫీ కొట్టులో కొత్తగా బిలియర్డ్స్ బల్ల వచ్చింది. లజార్ దాని చుట్టూ తిరిగాడు. బంతి కొట్టడం అతనికి రాలేదు కానీ తగువు పడటం బాగా వచ్చింది. ఒకరోజు ఒక పడవవాడితో కలబడి, పెదవి పగలగొట్టించుకుని ఇంటికొచ్చాడు.

ఆ రక్తం మరకల చొక్కానే ఫిలిబెర్త్ సోన్ నది ఒడ్డున కట్టేసి ఉన్న చాకిరేవు పడవ మీద ఉతుకుతుంటే, పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నావిడ తల తిప్పి చూసింది.

"ఏమమ్మా, చేతిలో ఉన్నది చొక్కానా, శత్రువా? అలా బాదేస్తున్నారు?"

"మా ఆయనది."

"అయితే బాదండి. నేను అడ్డురాను."

ఆవిడ పేరు సిదోనీ కరే. స్పెయిన్ యుద్ధంలో పోయిన ఒక కెప్టెన్ భార్య. ఫిలిబెర్త్ వాళ్ళ పక్కింట్లో అటక గది అద్దెకు తీసుకుని దిగింది. సన్నటి పొడుగు మనిషి. మోకాళ్ళ మీద కూర్చున్నా నడుం వంగేది కాదు. పన్నెండు ఊళ్ళ సైనిక శిబిరాలు తిరిగిన నోరు, అవసరమైతే గుర్రపు రౌతులా తిట్టగలదు. ఉతుకుతూ ఉతుకుతూ ఆవిడే చెప్పింది, సాయంత్రాలు గడవడం లేదని. కెప్టెన్ ఉన్నన్నాళ్ళూ రోజూ పికే ఆడేవారట. ఇప్పుడు ఎవరూ లేక కుడిచేతికీ ఎడమచేతికీ పోటీ పెట్టుకుని ఒక్కతే ఆడుకుంటోందట.

"ఎవరు గెలుస్తున్నారు?" అని నవ్వింది ఫిలిబెర్త్.

"కుడిచెయ్యి. దొంగది."

"పికే అంటే ఇద్దరాడే పేకాట కదూ? మా ఆయనకి వచ్చండీ. సైన్యంలో ఉన్నప్పుడు నేర్చుకున్నాడు. ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి రాకూడదూ? డబ్బు కాదు, వాల్‌నట్ కాయలు పెట్టి ఆడుకుందురు గాని. వాడు ఆ పాడు కొట్టుకి పోకుండా ఉంటే నాకదే చాలు."

ఆ మాట తన నోటితో తానే అన్నందుకు తర్వాత ఎన్నిసార్లు నాలుక కొరుక్కుందో చెప్పలేం.

మొదటి ఆదివారాలు బాగానే గడిచాయి. లజార్ కాఫీ కొట్టు మానేశాడు. బల్ల మీద కాయల గిన్నె, రెండు గ్లాసులు. ఫిలిబెర్త్ పొయ్యి దగ్గర మేజోళ్ళు అల్లుకుంటూ కూర్చునేది. పేక ఆమెకు రాదు. పేకముక్కలు సైతాను బొమ్మలని వాళ్ళ నాన్న ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. అందుకని ఆట చూసేది కాదు, వినేది. వినడంలోనే వచ్చింది చిక్కంతా.

పికేలో ముక్కలు వేయకముందు చేతిలో ఏముందో పైకి చెప్పాలి. ఒకరు చెబితే రెండోవాళ్ళు జవాబివ్వాలి.

"ఒకే రంగు ఐదు," అనేది సిదోనీ.

"బాగుంది," అనేవాడు లజార్.

"రాజు దాకా మూడు వరస."

"బాగుంది."

"మూడు ఆసులు."

"అహ, అది బాగాలేదు మదామ్. నా దగ్గర నాలుగు పదులున్నాయి."

"అమ్మ దుర్మార్గుడా! ఎక్కడ దాచారండీ వాటిని?"

ఇద్దరూ పగలబడి నవ్వేవారు. ఫిలిబెర్త్ చేతిలో సూదులు ఆగిపోయేవి. బాగుంది. ఇరవై ఏళ్ళుగా సూపు కాచి పోస్తోంది, ఒక్కరోజు అన్నాడా బాగుందని? పండక్కి కొత్త టోపీ పెట్టుకుంటే అన్నాడా? గిన్నె ఖాళీ చేసి మూతి తుడుచుకుని లేచేవాడు, అదే మెప్పు అనుకుని సరిపెట్టుకుంది. ఇప్పుడేమో ఒక్క సాయంత్రంలో, పరాయి ఆడదానికి, గిన్నెలో కాయలకన్నా ఎక్కువగా పంచిపెడుతున్నాడు ఆ మాటని. పైగా ఎలాంటి గొంతుతో! కాస్త ఓడిపోయినట్టు, కాస్త ముచ్చటపడినట్టు. ఆ గొంతు లజార్ దగ్గర ఉందని ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు.

ఒకసారి పురుగు దొలిస్తే ఇక ప్రతిదీ కనిపిస్తుంది. లజార్ ఆదివారం గడ్డం గీసుకుంటున్నాడు. గోళ్ళ కింద మసిని పుల్లతో తీసుకుంటున్నాడు. శనివారం నాడే, "వాల్‌నట్ కాయలున్నాయా?" అని అడుగుతున్నాడు. ఎన్నడూ మాటలాడని మనిషి, ఆవిడొచ్చిందంటే స్పెయిన్ సంగతులు, దారి సంగతులు, గుర్రాల సంగతులు.

ఒక ఆదివారం ఆవిడ వెళ్ళిపోయాక, ఫిలిబెర్త్ గిన్నెలు తీస్తూ మామూలుగా అడిగినట్టు అడిగింది.

"ఇవాళ ఎందుకంత నవ్వు?"

"అదా? ఆవిడకి ఏడు ముక్కలు ఒకే రంగు పడ్డాయి. నేనేమో..." లజార్ చెప్పబోయి, ఆమె మొహం చూసి చెయ్యి ఊపేశాడు. "నీకు అర్థం కాదులే."

ఆ మాట గుచ్చుకుంది. తిట్టినా అంత నొప్పెట్టేది కాదు.

ఆ పైన జూదిత్ వచ్చిపడింది. ఎవరో ఏమిటో తెలియదు. ఒక సాయంత్రం లజార్ గొంతు తగ్గించి, "జూదిత్ నా దగ్గరే ఉంది," అన్నాడు. "నాకు తెలుసు, మీ మొహం చూస్తేనే తెలుస్తోంది," అంది సిదోనీ. ఫిలిబెర్త్ అల్లికలో కుట్లు తప్పాయి. ఇంకో వారం, "జూదిత్‌ని వదులుకోలేను మదామ్, ఏమన్నా అనండి," అన్నాడు. ఒకత్తి చాలదా ఈ బట్టతలకి? మర్నాడు ఎదురింటి గూజోన్ ముసలమ్మ దగ్గరికి పోయింది. ఆమె నదిచేపలు అమ్ముకుంటుంది, వీధిలో ఆమెకు తెలియని గుట్టు లేదు.

"జూదిత్ అని ఎవరైనా తెలుసా నీకు?"

"ఎందుకు?"

"మా ఆయన దగ్గర ఉందిట."

ముసలమ్మ చేప చేతిలోంచి జారిపడేటంతగా నవ్వింది. "ఓసి పిచ్చిమొద్దా! జూదిత్ అంటే ఆఠీను రాణే! పేకలో రాజులకీ రాణులకీ పేర్లుంటాయి, నీకిదీ తెలీదా?" అంతటితో ఊరుకుందా? కళ్ళు తుడుచుకుని, "అయినా చెప్తున్నా విను. ఆదివారం మీ ఆయన నవ్వు మా వంటింట్లోకి వినిపిస్తోంది. పాతికేళ్ళ కుర్రాడి నవ్వులా ఉందే. పీపాలవాడికి ఎక్కడిదే అంత నవ్వు?" అంది.

ఫిలిబెర్త్ చేపలు కొనకుండానే వచ్చేసింది.

ఫాదర్ గారికి చెప్పుకుంటే బరువు దిగుతుందేమోనని పాపనివేదనకు వెళ్ళింది. జాలీ కిటికీ అవతల ఆయన తుమ్ముతూ కూర్చుని ఉన్నాడు.

"నా మొగుడు ప్రతి ఆదివారం ఒక విధవరాలితో గంటల తరబడి గడుపుతున్నాడు ఫాదర్."

"అయ్యో. ఎక్కడ తల్లీ?"

"మా ఇంట్లోనే. నా ఎదురుగానే."

ఆయన తుమ్ము ఆగిపోయింది. "ఏం చేస్తారు?"

"పికే ఆడతారు."

ఆయన జాలీకి దగ్గరగా జరిగాడు. "డబ్బు పెట్టా?"

"వాల్‌నట్ కాయలు."

"ఎవరు గెలుస్తున్నారు?" అని అడిగాడు ఫాదర్ గారు. అడిగాక తప్పు తెలుసుకుని గొంతు సవరించుకుని, రెండు ప్రార్థనలు చెప్పుకొమ్మన్నాడు. ఆమె ఒకటి చెప్పుకుంది. రెండోది సగంలో ఉండగా ఆఠీను రాణి గుర్తొచ్చింది.

ఇంటికొచ్చేసరికి లజార్ లేడు. సొరుగులో పేక ఉంది. బోర్లించి వెతికింది. జూదిత్ ఎలా ఉంటుందో చూడటం అదే మొదలు. ఎర్రటి గౌను, చేతిలో పువ్వు, ఏ దిగులూ లేని తెల్లటి మొహం. నడుం సన్నం. "నిన్నేనా వదులుకోలేనన్నాడు?" అని పైకే అని, పొయ్యి మూత తీసి లోపల పడేసింది. మిగతా ముక్కలు మళ్ళీ సొరుగులో సర్దేసి ఉల్లిపాయలు తరగడానికి కూర్చుంది. ఉల్లిపాయలు ఉన్నాయి కాబట్టి కళ్ళనీళ్ళకు ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేకపోయింది.

ఆదివారం వచ్చింది. ఒక ముక్క తక్కువైతే పికే సాగదు. లజార్ బల్ల కింద దూరాడు, కుర్చీలు ఎత్తాడు, పిల్లిని కూడా లేపి చూశాడు. సిదోనీ మాత్రం వెతకలేదు. ఒక్కసారి పొయ్యి వైపూ ఒక్కసారి ఫిలిబెర్త్ వైపూ చూసి, "పోనీలెండి, పారిపోయిన రాణి ఎక్కడ దొరుకుతుంది?" అంది. సర్కారు పన్ను సీలు పడ్డ కొత్త పేక కొనే రోజులు కావవి. ఆవిడ సంచిలోంచి ఒక పాత ఆహ్వానపు అట్ట తీసి, పేకముక్క కొలతకు కత్తిరించి ఇచ్చింది. లజార్ బొగ్గుముక్కతో దాని మీద రాణిని గీయడానికి కూర్చున్నాడు.

పీపాలు చేసే చెయ్యి పీపానే గీసింది. పైన తలకాయ, తలకాయ మీద పల్లెటూరి టోపీ, కింద రెండు మడతల గెడ్డం.

"ఇదెవరండీ?" అంది సిదోనీ.

"రాణి."

"కాదు, ఈ టోపీ నాకు తెలుసు. ఇది మీ ఆవిడ!"

లజార్ అట్టముక్కని దూరంగా పట్టుకుని చూశాడు. "నిజమే. నాకొచ్చిన ఆడమొహం అదొక్కటేనండీ."

ఇక ఆ సాయంత్రం చెప్పనక్కర్లేదు. ఆ ముక్క వెనక వేరే రంగు కావడంతో అది ఎవరి చేతిలో ఉందో ఎదుటివాళ్ళకి ఎప్పుడూ తెలిసిపోయేది. ఆట మాట ఎలా ఉన్నా నవ్వు రెట్టింపయింది. "మీ ఆవిడ నా చేతికొచ్చింది, జాగ్రత్త!" అనేది సిదోనీ. "అట్టే పెట్టుకోండి, ఆవిడ లేకుండా గడపడం నాకు అలవాటే," అనేవాడు లజార్. ఫిలిబెర్త్ అల్లిన మేజోడు రెండు కాళ్ళకి సరిపోయేంత పొడుగైంది. కాల్చింది తాను, కాలుతున్నదీ తానే. వాళ్ళిద్దరి మధ్యా ఇంతకుముందు ఆట ఒక్కటే ఉండేది. ఇప్పుడు తన బొమ్మ పెట్టుకుని నవ్వుకునే ఒక పరాచికం కూడా తోడైంది. దాన్ని చేతులారా తానే అందించింది.

ఆ చలికాలం చర్చి మెట్ల మీద మంచు గట్టిపడింది. ప్రార్థన అయి దిగుతూ సిదోనీ జారిపడి చీలమండ విరగ్గొట్టుకుంది. నలుగురు మగవాళ్ళు ఆవిణ్ణి కుర్చీలో మోసుకుపోయి అటక మీద దించారు. వెనకనుంచి చూసిన ఫిలిబెర్త్‌కి సంతోషం వేసింది. ఆ విషయంలో ఆమె తనని తాను మోసం చేసుకోలేదు. మంచి వైన్ ఒక గుక్క తాగినట్టు ఛాతీలో వెచ్చబడింది.

మధ్యాహ్నం లజార్ గడ్డం గీసుకుని పేక జేబులో వేసుకున్నాడు.

"ఎక్కడికి?"

"పాపం, మంచం మీద ఒక్కతే. రెండాటలు ఆడి వస్తా."

"ఒంటరి ఆడదాని గదిలోకి, అదీ మంచం పక్కకి, నువ్వెళ్తావా? గూజోన్ ముసల్ది ఊరంతా చాటదూ? సిగ్గులేకపోతే సరి. నేను వెళ్తా. ఆ పేక ఇలా పెట్టు."

పేక తనెందుకు తీసుకుందో తనకే తెలియదు. వాడి దగ్గర ఉండకూడదు, అంతే. సూపు గిన్నె మీద మూత పెట్టి, చలికి నోట్లోంచి ఆవిరి వదులుతూ, పక్కింటి మెట్లన్నీ ఎక్కింది.

గది తలుపు తోసి నిలబడిపోయింది. కెప్టెన్ భార్య గది అంటే తెరలూ అద్దాలూ ఉంటాయనుకుంది. ఒక మంచం. ఒక పెట్టె. పొయ్యిలో చల్లారిన బూడిద. మేకుకి తగిలించిన ఒక్క మంచి గౌను, ఆదివారాలు తమ ఇంటికి వేసుకొచ్చేదే. సిదోనీ ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని, చేతులకి మేజోళ్ళు తొడుక్కుని పడుకుని ఉంది.

"రండి. కాలు విరిగిందని ఇంతసేపు సంతోషించారా? ఇప్పుడేమైనా తగ్గిందా?"

ఫిలిబెర్త్ మొహం ఎర్రబడింది. "ఇంకా ఉంది," అంది.

"మంచిది. అబద్ధం చెప్పలేదు. ఆ సూపు ఇలా ఇవ్వండి." ఆవిడ ఆకలిగా తాగింది. మధ్యలో గిన్నె దించి, "జూదిత్‌ని పొయ్యిలో వేశారు కదూ?" అని అడిగింది.

"వేశాను."

"మీ చోట నేనుంటే నాలుగు రాణుల్నీ కాల్చేదాన్ని. మా కెప్టెన్ ఉన్నాడే, ఏ ఊళ్ళో దిగితే ఆ ఊళ్ళో ఒక ఆడదానితో పికే ఆడేవాడు. మేయరు పెళ్ళాం, డాక్టరు చెల్లెలు. నేను మూల కూర్చుని అల్లుకునేదాన్ని, అచ్చం మీలాగే. ఒకరోజు ఆ బల్ల కింద కూర్చుని ఏడ్చి, లేచి ఆట నేర్చుకున్నా. ఇంకెవత్తీ వాడి ఎదురుగా కూర్చోకూడదని నేర్చుకున్నా. పేకంటే నాకేం ప్రేమనుకున్నారు?"

ఫిలిబెర్త్ మంచం పట్టె మీద కూర్చుంది. ఎన్నో వారాలుగా దాచుకున్న ప్రశ్న అప్పుడు బయటికొచ్చింది.

"మా ఆయన మీతో ఊరికూరికే బాగుంది బాగుంది అంటాడు. ఏం బాగుందని?"

సిదోనీ వింతగా చూసింది. తర్వాత పొట్ట పట్టుకుని, కాలు నొప్పికి మూలుగుతూ నవ్వింది. "అయ్యో తల్లీ! అది మెచ్చుకోలా? నీ దగ్గరున్నంత నా దగ్గర లేదు, లెక్క నీదే అని ఒప్పుకోవడం అది. ఏ మగాడూ ఇష్టపడి అనడు ఆ మాట. మీ ఆయన పళ్ళు గమనించలేదా మీరు? కొరుకుతూ అంటాడు."

ఫిలిబెర్త్‌కి నవ్వు రాలేదు. ఇంతకాలం మండినదంతా ఇందుకా అని సిగ్గేసింది. కానీ మంట చల్లారలేదు. పేక తీసి దుప్పటి మీద పడేసింది. "నాకూ నేర్పండి," అంది.

"ఎందుకు? మొగుడితో ఆడుకోడానికా?"

"మిమ్మల్ని ఓడించడానికి."

"అలా చెప్పండి. కూర్చోండి మరి. ముందు ఆ పొయ్యి కాస్త రాజేయండి, వేళ్ళు కదలడం లేదు."

ఫిలిబెర్త్ మధ్యాహ్నాలు అటక ఎక్కసాగింది. మొదట్లో ఘోరంగా ఓడిపోయేది. ముక్కలు పట్టుకోవడం రాదు, చేతిలోంచి జారి దుప్పటి మీద పడేవి. "అన్నీ చూపిస్తే ఎలాగండీ, ఇది చేపల బజారా?" అని సిదోనీ కసిరేది. ఏవి పారేయాలో ఏవి ఉంచుకోవాలో తెలిసేసరికి చలి తగ్గుముఖం పట్టింది. మొదటిసారి తన చేతిలో ఉన్నది చెప్పి, సిదోనీ నోట "బాగుంది" వినిపించినప్పుడు ఫిలిబెర్త్ వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. అవతలి మనిషి చేత ఆ మాట అనిపించడం ఎంత రుచిగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఆడుతూ మాట్లాడుకునేవారు. పుట్టని పిల్లల సంగతి ఫిలిబెర్త్ ఎవరితోనూ అనలేదు, ఆవిడతో అంది. సిదోనీ కూడా ఒక పాపని స్పెయిన్ దారిలో పూడ్చి వచ్చిందట. ముక్కలు కలుపుతూ చెప్పింది, చెప్పి కోయమని పేక ముందుకు తోసింది.

కింద లజార్ ఒంటరి అయిపోయాడు. సిదోనీ కాలు కుదిరింది, కర్ర పట్టుకుని వీధిలో నడుస్తోంది, కానీ ఫిలిబెర్త్ అటక ఎక్కడం మాత్రం మానలేదు. సూపు ఆలస్యమవుతోంది. ఒక్కోరోజు మాడుతోంది. పైనుంచి ఇద్దరాడవాళ్ళ నవ్వు గోడలోంచి వినిపిస్తోంది. లజార్ పనిశాలలో ఖాళీ పీపా మీద కూర్చుని ఆ గోడకేసి చూసేవాడు. ఒకరోజు ఆమె రాగానే పట్టుకున్నాడు.

"ఏం మాట్లాడుకుంటారు మీరిద్దరూ పొద్దస్తమానం?"

"ఏవో మా మాటలు."

"నా గురించా?"

"నీ గురించి అంతసేపు మాట్లాడ్డానికి ఏముందీ?"

అతని మొహం చిన్నబోయింది. "ఆవిడ ముందు నాతో ఆడింది," అన్నాడు, బొమ్మ పోగొట్టుకున్న పిల్లాడిలా. "నేనుండగా నీకెందుకు నేర్పిందట?" తర్వాత కొట్లాటకు దిగాడు. పేక నాదన్నాడు, సొరుగుకి తాళం వేస్తానన్నాడు, విధవరాలిని ఇంటికి రానివ్వనన్నాడు. ఫిలిబెర్త్ నడుం మీద చేతులు వేసుకుని అంతా విన్నది. తను ఎన్ని ఆదివారాలు మింగుకుందో అదే ఇవాళ అతని నోట్లోంచి వస్తోంది. విన్నంతసేపూ హాయిగానే ఉంది. తర్వాత జాలేసింది. ఆదివారం సిదోనీని ఇంటికే రమ్మంటానంది.

అలా ముగ్గురయ్యారు. కానీ పికే ఇద్దరాటే. ఓడినవాళ్ళు లేచి పొయ్యి దగ్గర కూర్చోవాలి, అదీ ఒప్పందం. ఎక్కువగా లేచేది లజారే. అప్పుడు గిన్నెలోంచి కాయలు పగలగొట్టుకు తింటూ, "ఆ ముక్క వేయకూడదే," అని గొణిగేవాడు. వాళ్ళిద్దరూ ఒకేసారి "నోర్మూసుకో" అనేవారు.

ఫిలిబెర్త్ కూడా లేవాల్సి వచ్చేది. పొయ్యి దగ్గర కూర్చుని మళ్ళీ వాళ్ళిద్దరి "బాగుంది, బాగాలేదు" వినేది. ఇప్పుడు ప్రతి మాటా అర్థమవుతుంది. అయినా లోపల ఎక్కడో కాలిన వాసన వేసేది. విచిత్రమేమిటంటే, ఎవరి మీద అసూయో ఆమెకే అంతుపట్టేది కాదు. మొగుడు ఆవిడతో నవ్వుతున్నందుకా? ఆవిడ తనతో కాక మొగుడితో నవ్వుతున్నందుకా? ఒకసారి సిదోనీ లజార్‌తో, "ఇంత బాగా పారేసిన చెయ్యి ఈ మధ్య చూళ్ళేదు," అంటే, ఫిలిబెర్త్ పెనం మూత దభీమని వేసింది. "ఏమైందే?" అన్నాడు లజార్. "ఏం కాలేదు, జారింది," అంది. నిన్ననే అటక మీద ఆవిడ తనతో అన్న మాట అదే. ఆ మాట తనకొక్కదానికే అనుకుంది.

అలా రెండు ద్రాక్ష కోతలు గడిచాయి. మూడోది బ్రహ్మాండంగా పండింది. మళ్ళీ పీపాలకి జనం తలుపు దగ్గర నిలబడ్డారు. లజార్ చొక్కాలకి కాలిన చెక్క వాసన తిరిగొచ్చింది. ఆ శరదృతువులోనే సిదోనీ అన్నగారు, బెజాన్సోన్‌లో గడియారాలు చేసే ఆయన, భార్య పోయి ఇంట్లో ఆడదిక్కు లేక చెల్లెల్ని రమ్మని కబురంపాడు. ఆవిడ ఒక ఆదివారం ఆట మధ్యలో చెప్పింది.

"నేను వెళ్ళిపోతున్నా."

"ఎక్కడికి? ముక్క వేయాల్సింది మీరే కదా," అన్నాడు లజార్ ముక్కల్లోంచి తలెత్తకుండా.

"బెజాన్సోన్‌కి."

ఆ ఆట పూర్తి కాలేదు. ముక్కలు బల్ల మీదే ఉండిపోయాయి. ఫిలిబెర్త్ లేచి సూపు కలుపుతూ చాలాసేపు వెనక్కి తిరగలేదు. "అక్కడ మీతో పికే ఆడేవాళ్ళున్నారా?" అని మాత్రం అడిగింది. "మా అన్నకి కొద్దిగా వచ్చు," అంది సిదోనీ. ఎన్నడూ చూడని ఆ గడియారాలవాడి మీద ఆ దంపతులిద్దరికీ ఒకేసారి కోపమొచ్చింది.

వెళ్ళేరోజు పొద్దున్నే ముగ్గురూ రేవుకి నడిచారు. పెట్టె లజార్ మోశాడు. ఫిలిబెర్త్ రొట్టె, జున్ను, ఉడకబెట్టిన గుడ్లు మూటకట్టి ఇచ్చింది. ప్రయాణికుల పడవ గంట కొట్టారు. సిదోనీ లజార్‌ని రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టుకుంది. ఫిలిబెర్త్‌ని దగ్గరికి లాక్కుని గట్టిగా పట్టుకుంది. తర్వాత మళ్ళీ లజార్ వైపు తిరిగి, అతని కాలరు సరిచేసి, "గడ్డం గీసుకోవడం మానకండి," అంది. పడవెక్కింది. నది మలుపు తిరిగేదాకా నిటారుగా నిలబడే ఉంది, చెయ్యి మాత్రం ఊపలేదు.

ఇద్దరూ ఇంటికి నడుస్తూ సగం వీధి వచ్చారు.

"నన్ను ఎక్కువసేపు పట్టుకుంది," అంది ఫిలిబెర్త్.

"ఏం కాదు. నిన్నొకసారి పట్టుకుంది. నా దగ్గరికి రెండుసార్లొచ్చింది."

"కాలరు వంకరగా ఉందని వచ్చింది. అది లెక్కా?"

"మరి గడ్డం సంగతి ఎందుకన్నట్టో?"

"ముద్దుపెడుతుంటే గుచ్చుకుందేమో!"

చేపల గంపతో ఎదురొచ్చిన గూజోన్ ముసలమ్మ వాళ్ళ తగువు విని దారి ఇచ్చి పక్కకి నిలబడింది. ఏ విషయం మీద కొట్లాడుకుంటున్నారో ఆమెకు కూడా బోధపడలేదు.

ఆ తగువు తెగలేదు. మరో పదిహేనేళ్ళు ఆ రేవు వీధిలోనే ఉన్నారు. పని పెరిగింది, కొత్త పేక కొనుక్కున్నారు, ఆదివారాలు ఒకరెదురుగా ఒకరు కూర్చుని ఆడారు. ఆట మధ్యలో ఎవరో ఒకరు ఆ రేవు సంగతి ఎత్తేవారు, రెండోవాళ్ళు ముక్కలు కింద పెట్టేసేవారు. ఒక ఫిబ్రవరిలో లజార్ ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఫిలిబెర్త్ అతని పనిముట్లు అమ్మేసి, వీధి వైపు గది అద్దెకిచ్చి, వెనక గదిలో చాలాకాలం బతికింది. చాకిరేవు పడవ మీద పడుచు ఆడవాళ్ళు ఎవరైనా సిదోనీ సంగతి అడిగితే చెప్పేది. ఎంత పొడుగో, ఎలా తిట్టేదో, ఎలా ఆడేదో.

"మీ ఇద్దర్లో ఆవిడకి ఎవరంటే ఇష్టమే అవ్వా?" అనేవారు.

"నేనే," అనేది ఫిలిబెర్త్ తడబడకుండా. బట్ట పిండి, దులిపి, పక్కన పెట్టేది. "ఆయన మటుకు ఒప్పుకోలేదనుకో."